వీధి పని ఎవరికి ముందు? వాకాడు తీరం నుంచి ఒక లెక్క

స్వర్ణముఖి నది సముద్రంలో కలిసే ముందు దాటిపోయే ఊళ్లలో వాకాడు ఒకటి. మండల కేంద్రం. 1990 డిసెంబరు నుంచి 1992 అక్టోబరు దాకా ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న నేదురుమల్లి జనార్దనరెడ్డి సొంతూరు. ఈ మండలం గూడూరు అసెంబ్లీ స్థానంలో, తిరుపతి లోక్‌సభ స్థానంలో ఉంది. రెండూ ఎస్సీలకు రిజర్వయినవే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. కాబట్టి ఇక్కడి పనుల కాగితాలు వెతికే విద్యార్థి 2022కు ముందు లెక్కలను నెల్లూరు పద్దులో చూడాలి. అది తెలియక చాలామంది సగం లెక్కతో ఆగిపోతారు.

2011 జనగణన ప్రకారం అప్పటి నెల్లూరు జిల్లా జనాభాలో ఎస్సీలు 22.5 శాతం. ఎస్టీలు 9.6 శాతానికి పైనే, వారిలో ఎక్కువమంది యానాదులు. ఇద్దరినీ కలిపితే ముగ్గురిలో ఒకరికి కొంచెం తక్కువ. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల వాటా 17 శాతం. ఇంత జనాభా ఉన్న చోట, ఎమ్మెల్యే, ఎంపీ స్థానాలు రెండూ రిజర్వయిన చోట, వీధి పనుల వరసలో వాడకు ముందు చోటు దక్కాలని ఎవరైనా అనుకుంటారు. కానీ వీధి పని వరస అసెంబ్లీలో తేలదు. పంచాయతీ తీర్మానంలో, ఏఈ రాసే అంచనాలో, ఎంపీడీవో కార్యాలయం ఫైల్లో తేలుతుంది. ఈ వ్యాసం ఆ మూడు కాగితాల గురించి.

ఎత్తు, పల్లం

ముందు నేల సంగతి. నెల్లూరు తీరంలో ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది. వాయుగుండం వస్తే నాలుగు రోజుల్లోనే రెండు నెలల వాన కురుస్తుంది. 2015 నవంబరు, 2021 నవంబరు ఈ ప్రాంతం మరిచిపోలేని నెలలు. నేల చదును, సముద్రం దగ్గర, నీరు జారిపోయే వాలు తక్కువ. ఊరు మిట్టన, వాడ పల్లాన ఉండే అమరిక మన దేశంలో ఎక్కడైనా కనిపిస్తుంది. తీరంలో ఆ అమరికకు ప్రతి ఏడాదీ పరీక్షే. ఇక్కడ రోడ్డు గురించి మాట్లాడుతున్నామంటే నీటి గురించి మాట్లాడుతున్నట్టే.

గ్రామాల్లో వేసే సీసీ రోడ్డు మందం సాధారణంగా 15 సెంటీమీటర్లు. కింద ఇసుక, కంకర పరుపు వేరు. అన్నీ కలిపితే వీధి మట్టం దాదాపు అడుగు లేస్తుంది. పదేళ్ల తర్వాత పాతది పగిలితే తవ్వి తీయరు, దాని మీదే ఇంకో పొర పోస్తారు. అంతకుముందు వీధిలోంచి రెండు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేవాళ్లు ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి దిగుతారు. పాత కాలనీ ఇళ్ల పునాది ఎత్తు తక్కువ, పూరింటికి అసలు పునాదే లేదు. రోడ్డు వచ్చిన ఏడాదే మొదటిసారి ఇంట్లోకి నీళ్లొచ్చాయని ఆడవాళ్లు చెప్తే అధికారులు నవ్వుతారు. నవ్వాల్సిన పని లేదు, గడపకూ రోడ్డుకూ మధ్య ఎత్తు కొలిస్తే తేలిపోతుంది.

వరస ఏ ఇంజినీరుకైనా తెలుసు. ముందు తాగునీటి గొట్టం, తర్వాత సైడు కాలువ, ఆఖరున రోడ్డు. వాడలో తరచూ ఇది తలకిందులవుతుంది. నిధులు మార్చిలోపు ఖర్చు చేయాలి, రోడ్డయితే ఫొటో వస్తుంది, కాబట్టి రోడ్డు ముందు. ఆర్నెల్లకు కుళాయి గొట్టం కోసం అదే రోడ్డును కోస్తారు. కోసిన చోట మట్టి పూడ్చి వెళ్లిపోతారు. కాలువ అంచనాలో ఉంటుంది కానీ ‘రెండో దశ’లో ఉంటుంది. రెండో దశ ఎప్పుడో ఏ కాగితమూ చెప్పదు.

ఇంకో ప్రశ్న కాలువ చివర గురించి. ఊరి మిట్ట మీద కట్టిన కాలువ నీటిని ఎక్కడో వదలాలి. అది చెరువులోకో, వాగులోకో చేరకుండా వాడ మొదట్లో ఆగితే, ఊరి పారిశుద్ధ్యం బాగుపడినట్టు కాగితం మీద ఉంటుంది, మురుగు మాత్రం వాడలో ఉంటుంది. కాలువ అంచనా చూసేటప్పుడు పొడవు, వెడల్పుల కంటే ముందు చూడాల్సింది నీరు ఎక్కడ కలుస్తుందన్న ఒక్క మాట. చాలా అంచనాల్లో ఆ మాటే ఉండదు.

సిమెంటు డబ్బు ఎవరిది?

గత ఇరవై ఏళ్లలో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పోసిన సీసీ రోడ్లలో పెద్ద భాగం 2005 నాటి ఉపాధి హామీ చట్టం నిధులతో పోసినవే. ఇది అందరికీ తెలుసు. ఆ నిధి ఎలా పుడుతుందో మాత్రం వాడలో ఎవరూ చెప్పరు.

ఆ చట్టం కింద ఖర్చులో కనీసం 60 శాతం కూలికి పోవాలి. మెటీరియల్‌కు, నైపుణ్యం ఉన్న పనివాళ్ల వేతనానికి కలిపి 40 శాతానికి మించకూడదు. అంటే కూలీలు మట్టి పని చేసి 60 రూపాయలు సంపాదిస్తేనే సిమెంటుకూ కంకరకూ 40 రూపాయలు వాడే వీలు పుడుతుంది. ఒక లెక్క వేద్దాం. 2024–25లో రాష్ట్రంలో రోజు కూలి 300 రూపాయలు. ఒక వాడలో 100 కుటుంబాలు తలా 100 రోజులు పూర్తి కూలితో చేస్తే వేతనం 30 లక్షలు. దాని మీద మెటీరియల్‌కు పుట్టే వీలు 20 లక్షలు. కొలతల ప్రకారం చెల్లిస్తారు కాబట్టి చేతికొచ్చే సగటు కూలి 300 కంటే తక్కువే ఉంటుంది, ఆ మేరకు మెటీరియల్ వాటా కూడా తగ్గుతుంది. నిష్పత్తి మాత్రం మారదు.

మే నెల ఎండలో చెరువు పూడిక తీసేది ఎవరు? జాబ్‌కార్డుల జాబితా తీసి చూడండి. మాల, మాదిగ, యానాది ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాళ్ల పనిదినాల మీద పుట్టిన మెటీరియల్ డబ్బు ఏ వీధిలో సిమెంటుగా మారిందో పక్క గడిలో రాయండి. అప్పుడు వాడకు రోడ్డు అడగడం దయ అడిగినట్టు ఉండదు. ఎదురుగా ఉన్నది బాకీ లెక్క.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులకు ఆమోదం తీసుకున్నారు. అక్టోబరులో పల్లె పండుగ పేరుతో 4,500 కోట్ల రూపాయల పనులు మొదలుపెట్టారు. అందులో 3,000 కిలోమీటర్ల సీసీ రోడ్ల లక్ష్యం ఉంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో వేరే చట్టాన్ని ఆమోదించింది. అయినా ఇప్పటిదాకా పోసిన రోడ్ల పద్దు పాత చట్టం కిందిదే. పనుల వరస నిర్ణయించాల్సింది గ్రామసభేనని ఆ చట్టం అంటుంది. పనిలో కాంట్రాక్టరు ఉండకూడదనీ అంటుంది. రెండో వాక్యాన్ని ఏ పల్లెలోనైనా గట్టిగా చదవండి, వినేవాళ్ల ముఖాలు చూడండి.

నలభై శాతం దగ్గర ఒక మెలిక

వాడ రోడ్డుకు మరో దారి ఎస్సీ ఉప ప్రణాళిక. కేంద్రం 1979–80లో స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్‌గా మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. నిధులు ఏళ్ల తరబడి దారి మళ్లాక, దళిత సంఘాల పోరాటంతో 2012 డిసెంబరులో అసెంబ్లీ చట్టం చేసింది. 2013లో మొదటి నంబరు చట్టం అదే. పదేళ్ల గడువుతో వచ్చింది. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం చేసుకుంది.

చట్టంలో గుండెకాయ లాంటి మాట ‘ప్రత్యక్షంగా, లెక్కించగలిగేలా’ ప్రయోజనం కలగాలన్నది. ఎస్సీ ఆవాసంలో చేసిన పనికి మొత్తం ఖర్చును ఉప ప్రణాళిక కింద రాసుకోవచ్చు. మిగతా ఆవాసాల్లో దళిత జనాభా నిష్పత్తి మేరకే రాయాలి. విడదీయలేని పెద్ద పనులకు ప్రభుత్వం నిర్ణయించిన భాగం. మెలిక ఎక్కడంటే, దళిత జనాభా 40 శాతం ఉంటే చాలు, అది ఎస్సీ ఆవాసం కింద లెక్క. ఆవాసం హద్దును కాస్త అటు జరిపి గీస్తే, 60 శాతం ఇతరులు ఉన్న వీధి రోడ్డు కూడా నూరు శాతం ఎస్సీ నిధుల్లో కూర్చుంటుంది. ఇందులో చట్టం తప్పలేదు, దొంగ బిల్లూ లేదు. గీత ఒక్కటే జరిగింది. నిధుల మళ్లింపు అనగానే మనం కోట్ల బడ్జెట్ పద్దుల వైపే చూస్తాం. ఈ చిన్న గీతను చూసేవాళ్లు తక్కువ.

పేర్లు ఇంకో చిక్కు. ఒకే వాడ ఒక కాగితంలో హరిజనవాడ, ఇంకో దాంట్లో ఎస్సీ కాలనీ, మరో చోట అరుంధతివాడ, లేదంటే ఏదో ఒక నాయకుడి పేరుతో నగర్. మూడు పేర్లతో మూడు పనులు మంజూరయ్యాయంటే మూడు వీధులు వేశారని కాదు. లెక్క మొదలుపెట్టే ముందు పేర్లన్నీ ఒక చోట రాసుకుని పెద్దవాళ్లతో సరిచూసుకోవాలి. పక్కనున్న తమిళనాడు 2025లో ప్రభుత్వ రికార్డుల నుంచి ‘కాలనీ’ అనే మాటనే తీసేస్తామని ప్రకటించింది. అవమానం పోవడం మంచిదే. పాత పేరుతో ఉన్న పనుల చరిత్ర కూడా దాంతోపాటు మాయం కాకుండా చూసుకోవాల్సింది అక్కడి కార్యకర్తలే.

నడవనివ్వని రోడ్డు, వేయని రోడ్డు

రాజ్యాంగం 15(2) అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో కులం పేరుతో అడ్డు ఉండకూడదంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం అలా అడ్డుకోవడాన్ని నేరం చేసింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఉమ్మడి వనరులు, శ్మశానం, నీటి కుళాయి, రోడ్డు, దారి అన్నింటినీ పేరుపేరునా చేర్చింది. ఈ చట్టాల వెనక నెత్తురుంది. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది దళితులు తాగునీరు పట్టుకునే చెరువు దగ్గరే. ఆ నీటిని పాడుచేయొద్దని నిలదీసిన మున్నంగి సువార్త మీద దాడికి దిగారు. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్లు చీరాల వెళ్లి కొత్త కాలనీ కట్టుకున్నారు. తెలుగు నేల మీద దళిత మహాసభ అలా పుట్టింది. మన ఉద్యమ చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం తాగునీటి వసతి దగ్గర మొదలైందన్నది గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఈ చట్టాలన్నీ అడ్డుకోవడం గురించే మాట్లాడతాయి. రోడ్డు ఉంది, దాని మీద నడవనివ్వలేదు. అప్పుడు నేరం. రోడ్డే వేయలేదు, ముప్పై ఏళ్లుగా ‘వచ్చే ఏడాది’ అంటున్నారు. అప్పుడు? ఎఫ్‌ఐఆర్‌లో రాయడానికి నిందితుడు దొరకడు, సంఘటన తేదీ ఉండదు.

ఈ చిక్కును అమెరికాలో ఒక చిన్న ఊరు తీర్చిన పద్ధతి మన విద్యార్థులు చదవాలి. మిసిసిపీ రాష్ట్రంలో షా అనే ఊరు. జనాభా 2,500. అందులో 1,500 మంది నల్లజాతివాళ్లు, వెయ్యి మంది తెల్లవాళ్లు. ఆండ్రూ హాకిన్స్, మరికొందరు ఊరి పాలకసంస్థ మీద కేసు వేశారు. వాళ్లు కోర్టులో పెట్టింది ప్రధానంగా అంకెలు. మట్టిరోడ్డు ముందున్న ఇళ్లలో దాదాపు 98 శాతం నల్లజాతివాళ్లవి. మురుగు గొట్టం లేని ఇళ్లలో 97 శాతం వాళ్లవే. కింది కోర్టు కేసు కొట్టేసింది. 1971లో అప్పీలు కోర్టు మాత్రం ఇంత తేడాకు ఊరి పాలకులు సరైన కారణం చూపలేకపోయారనీ, వివక్ష చూపాలన్న ఉద్దేశాన్ని వేరే రుజువు చేయనక్కర్లేదనీ చెప్పింది. సమానత్వ హక్కు భంగమైందని తేల్చి, సరిదిద్దే ప్రణాళిక ఇవ్వమంది. 1976లో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఉద్దేశం రుజువు కావాల్సిందేననడంతో ఆ దారి ఇరుకైంది. అయినా ఇల్లిల్లూ తిరిగి, ఎవరి గుమ్మం ముందు ఏముందో రాసి, పట్టిక చేసే పద్ధతి మనకు ఇప్పటికీ పనికొస్తుంది.

మన కోర్టుల్లోనూ పట్టుకోవడానికి రెండు కొమ్మలున్నాయి. సిమ్లా జిల్లా కొండ ఊళ్ల పేదలు, ఎక్కువమంది దళితులు, తమ రోడ్డు పని మధ్యలో ఆపేశారని హైకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హిమాచల్‌ప్రదేశ్ ప్రభుత్వం, ఉమేద్‌రామ్ శర్మ కేసు అదే. 1986లో కోర్టు కొండ ప్రాంతాల వాళ్లకు రోడ్డు అందుబాటు జీవించే హక్కులో భాగమంది. ఆ మాట కొండలకే చెప్పిందని ప్రభుత్వ న్యాయవాది వాదిస్తాడు. నవంబరులో నీళ్లలో ద్వీపంలా నిలిచిపోయే తీరప్రాంత వాడకు కొండ ఊరికంటే భిన్నమైన బాధ ఏముందో అడగాల్సింది మన న్యాయవాది. రెండోది 1980 నాటి రత్లాం మున్సిపాలిటీ తీర్పు. కాలువలు కట్టడానికి డబ్బు లేదన్న సాకు చెల్లదని జస్టిస్ కృష్ణయ్యర్ అందులో తేల్చారు. అది రిట్‌తో మొదలైన కేసు కాదు. ఊరివాళ్లు మేజిస్ట్రేటు దగ్గర సీఆర్‌పీసీ 133 కింద పెట్టిన మామూలు దరఖాస్తు. ఆ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. ఆర్డీవోకు ఆ అధికారం ఉంది. హైకోర్టుకు వెళ్లే ఖర్చు లేనివాళ్లకు ఇది దగ్గరి తలుపు.

కాగితం ఎలా తీయాలి

సమాచార హక్కు దరఖాస్తుకు ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ‘మా వాడకు ఏం చేశారు’ అని అడిగితే ఒక పేజీ మాటలొస్తాయి. అడగాల్సింది పదేళ్ల సీసీ రోడ్లు, కాలువల పనుల జాబితా, ఒక్కో పనికి అంచనా, పరిపాలన మంజూరు ఉత్తర్వు, ఏ పద్దు కింద వచ్చిందో, ఎం-బుక్ పేజీల నకలు. దానితోపాటు ఆ పనులను ఆమోదించిన గ్రామసభల తీర్మానాలు, హాజరు సంతకాల పుస్తకం. తీర్మానంలో వాడ వీధి మూడో నంబరులో ఉండి, మంజూరులో పదకొండో నంబరుకు జారితే, జారిన చోటే మీ కేసు. హాజరు పుస్తకంలో వాడ నుంచి ఎంతమంది ఉన్నారో చూడండి. ఎవరూ లేకపోతే సభ ఎక్కడ, ఏ వేళ పెట్టారో అడగండి. పనికి పోయే వేళ పెట్టిన సభకు కూలీ రాలేదు.

పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం డబ్బుకు వేరే నియమం. 15వ ఆర్థిక సంఘం 2021–26 గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టేసింది. కాబట్టి ఆ కాలంలో కాలువకు డబ్బు లేదని పంచాయతీ చెప్పి ఉంటే, ఆ కట్టేసిన భాగం ఎక్కడ ఖర్చయిందో అడగవచ్చు.

ఇక కొలత. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న రోడ్డుకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ల మిశ్రమంలో ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. అంటే 360 బస్తాలు. మందం 12 సెంటీమీటర్లకు తగ్గితే కాంక్రీటు 36 ఘనపు మీటర్లే. ఆ మూడు సెంటీమీటర్ల తేడాలో 72 బస్తాలు ఉన్నాయి. రోడ్డు అంచు దగ్గర స్కేలు పెడితే మందం కనిపిస్తుంది, మధ్యలో ఎంతో తెలియదు. అందుకే సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్‌ను గుర్తుపెట్టుకోవాలి. అది కాగితాలతోపాటు పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో తీసుకునే హక్కు కూడా ఇస్తుంది. ఈ హక్కును అడిగేవాళ్లు బహు తక్కువ.

ఉపాధి పనులకు సామాజిక తనిఖీ ఉంది. మండల కేంద్రంలో ప్రజావేదిక పెడతారు. అక్కడ మస్టర్ల మీద మాట్లాడినంతగా మెటీరియల్ బిల్లుల మీద మాట్లాడరు. కూలీ దొంగ సంతకం దొరికితే మేటును నిలబెడతారు, సిమెంటు బిల్లు పుట మాత్రం గబగబా తిప్పేస్తారు. ఆ పుట దగ్గర చెయ్యెత్తాలి.

ఇదే మండలంలోని దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు కట్టాలని 2014 రాష్ట్ర విభజన చట్టంలో రాశారు. 2018 ఆఖరుకు మొదటి దశ పూర్తవ్వాలని గడువూ పెట్టారు. గడువు దాటినా రేవు రాలేదు. పార్లమెంటు చట్టంలో తేదీతో రాసిన పనికే ఈ గతి పట్టిన చోట, ‘రెండో దశ’లో ఉందన్న నోటిమాటను వాడ నమ్మాల్సిన పనిలేదు. పెద్ద పని ఏది వచ్చినా ముందు వెడల్పయ్యేది రోడ్డే, ముందు కొలతకొచ్చేది పోరంబోకులోని గుడిసే. ఇళ్ల పట్టాల జాబితా, శ్మశానం దారి సర్వే నంబరు, వాడ వీధుల పటం ఇప్పుడే తీసి పెట్టుకోవాలి. సర్వే రాళ్లు పాతాక అడిగితే పాత హద్దు ఏదో చెప్పడానికి వీఆర్వో దగ్గరున్న కాగితం తప్ప ఇంకేమీ మిగలదు.

వాడలో రోడ్డు పని మొదలయ్యే రోజున చేయాల్సింది ఒకటుంది. చెక్కలు బిగించకముందే ప్రతి గడప ఎత్తునూ రోడ్డు రాబోయే మట్టంతో పోల్చి, తేదీ కనిపించేలా ఫొటో తీసి, పాత పొర తవ్వి పోయాలని సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటుకు రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. కాంక్రీటు పోశాక కనీసం రెండు వారాలు నీళ్లు నిలపాలి. ఆ నీళ్లు ఎటు పారాయో చూసి, వానాకాలంలో ఏ ఇళ్లు మునుగుతాయో అప్పుడే రాసుకోవచ్చు.